తాళపుచెవి నిచ్చుటకు ముందు

పదునారేండ్లు దాటిన బిడ్డలు గల యిండ్లలో నేడు దినమున కొకమారైనను వినవచ్చు మాట యొకటి కలదు. "అమ్మా, బండి తాళమియ్యి, వీధి చివరిదాకా వెళ్లివస్తాను." పాలు తేవలెను, పిండిమరకు పోవలెను, చెల్లెలిని ట్యూషను నుండి తీసికొని రావలెను. తండ్రి యింట లేడు. బండి గుమ్మము ముందే యున్నది. అట్టి వేళ తాళపుచెవిని మేకు నుండి తీసి యిచ్చు చేయి తరచుగా తల్లిదే. ఆ చేతి పనిని గూర్చి చట్టమేమి చెప్పుచున్నదో, చట్టము చెప్పక విడిచిన దానిని మన మెట్లు పూరించుకొనవలయునో, నేను కష్టపడి తెలిసికొన్నంతవరకు మీకు మనవి చేయదలచితిని.

రెండేండ్ల క్రిందటి మాట. మా వారు ఉపాధ్యాయులు. పొరుగూరి పాఠశాలకు బస్సులో పోయివచ్చెదరు గనుక స్కూటరు పగలెల్ల నింటనే యుండును. మా పెద్దవానికి అప్పటికి పదునారేండ్లు నిండి మూడు నెలలు. సెలవులలో స్నేహితుల వద్ద బండి నడుపుట నేర్చి వచ్చెను. ఒకనాటి సాయంకాలము బంధువులు వచ్చిరి. ఇంట పాలు లేవు. వాడడుగలేదు; నేనే పిలిచి తాళమిచ్చితిని. తొమ్మిదేండ్ల పిల్ల "నేనూ వస్తాను" అని పరుగెత్తి వెనుక నెక్కినది. నేను వాకిట నిలిచి చూచి సంతోషించితిని కూడ. చెరువుగట్టు మలుపున కంకర పడి యున్నది. మేక యొకటి అడ్డము వచ్చినది. వాడు బెదరి, మలుపులోనే ముందు బ్రేకును గట్టిగా నొక్కెను. బండి ప్రక్కకు జారి పడినది. వానికి మోకాళ్లు దోక్కొనిపోయినవి. పిల్లకు ముంజేతి యెముక విరిగినది.

ఆసుపత్రిలో వైద్యులు "బండి నడిపిందెవరమ్మా?" అని యడిగిరి. పిల్ల యేడ్పు నడుమ "అన్నను తిట్టకండి, నేనే ఎక్కాను" అన్నది. వాడు "తప్పు నాది" అని గోడవైపు తిరిగెను. తాళమిచ్చినదాన నేను, నా నోట మాట రాలేదు. ఆరు వారములు పిల్ల చేతికి కట్టుండెను. అన్నము కలిపి దాని నోట బెట్టిన ప్రతి పూటయు నా కా మేకును, ఆ తాళమును జ్ఞప్తికి వచ్చుచుండెను.

మా వారు నన్నొక మాటయు ననలేదు. కొన్నాళ్లకు మోటారు వాహనముల చట్టము ప్రతి నొకదానిని తెచ్చి నా ముందుంచి, "ఇది మనమిద్దరము చదువవలసిన పాఠము" అనిరి. ఆ పాఠపు సారమిది.

చట్టము చెప్పునది

మన దేశమున నిప్పుడు నడచుచున్నది 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము. దాని ననుసరించి మోటారు వాహనమును నడుపుటకు 18 ఏండ్లు నిండవలయును. ఒక్క మినహాయింపు కలదు: ఇంజను సామర్థ్యము 50 సి.సి.కి మించని మోటారుసైకిలును 16 ఏండ్లు నిండినవారు నడుపవచ్చును. అదియు ఊరక కాదు. పదునెనిమిదేండ్లలోపు వారికి గేరు లేని బండికి లెర్నర్ లైసెన్సు ఈయవలయునన్న, వారిని సంరక్షించువారు వ్రాతపూర్వకముగా సమ్మతింపవలయును. ఈ మినహాయింపును జూచి "మా వానికి పదునారు నిండినవి గదా" యని తృప్తి పడువారు పెక్కుమంది. కాని నేడు మన యిండ్ల ముందున్న స్కూటర్లలో హెచ్చు భాగము 100 సి.సి.కి పైబడినవే. పల్లెలలో పాలక్యానులు మోయు మోపెడ్డు సైతము దాదాపు 100 సి.సి.దే. కావున పదునారేండ్ల బిడ్డకు చట్టము తెరచిన తలుపు ఆచరణలో మూసియున్నట్లే.

విద్యుత్తుతో నడచు బండ్ల విషయమున అంగళ్లలో "దీనికి లైసెన్సే అక్కరలేదు" అని చెప్పుదురు. ఆ మాట గంటకు 25 కిలోమీటర్ల వేగమును మించక, మోటారు శక్తి 250 వాట్ల లోపుగా నుండు చిన్న బండ్లకే చెల్లును. అంతకు మించిన వేగము గల విద్యుత్ స్కూటరు చప్పుడు చేయకున్నను మోటారు వాహనమే; దానికి లైసెన్సు కావలయును.

పదునెనిమిది నిండినవారు మొదట లెర్నర్ లైసెన్సు పొందవలయును. రోడ్డు గుర్తులను, నడుపువాని విధులను గూర్చి ప్రశ్నలడిగి, యోగ్యులని తోచినవారికి దాని నిత్తురు. అది ఆరు నెలలు చెల్లును. అది చేతికి వచ్చి 30 దినములు గడచినగాని అసలు లైసెన్సు పరీక్షకు పోరాదు. నేర్చుకొను కాలమున బండికి ముందును వెనుకను తెల్లని పలకపై ఎర్రని ఎల్ అక్షరము కనబడవలయును. ఆ పలక ప్రక్కకు 18 సెంటిమీటర్లకు తక్కువ కాని చతురస్రమై, అక్షరము 10 సెంటిమీటర్లకు తగ్గని యెత్తు గలదై యుండవలయునని కూడ నిబంధన కలదు. నేర్పువా రెవరైనను వెనుక కూర్చున్నచో వారు లైసెన్సు గలవారై, అవసరమైనచో బండిని ఆపగలుగునట్లు కూర్చుండవలయును. నేర్పుట కొరకు తప్ప మరి యెవ్వరిని బండిపై నెక్కించుకొనరాదు. చెల్లెలినైనను, స్నేహితునైనను, బజారుకు పోవు తల్లినైనను ఎక్కించుకొనరాదు. హెల్మెటు నడుపువారికేగాక వెనుక కూర్చున్నవారికిని, నాలుగేండ్లు దాటిన బాలలకును విధింపబడినది. మా పిల్ల తల నాడు ఉత్తి తలయే. దెబ్బ చేతితో పోయినదనిన, అది దైవకృపయే గాని నా జాగ్రత్త కాదు.

ఇక తల్లులకు సంబంధించిన భాగము. 2019లో ఈ చట్టమునకు జరిగిన సవరణలో, వయసు రాని బిడ్డ బండి నడిపి నేరము చేసినచో సంరక్షకులును, బండి యజమానియు దోషులుగా నెంచబడుదురని చేర్చిరి. మూడేండ్ల వరకు కారాగారము, 25,000 రూపాయల జరిమానా వారికి విధింపవచ్చును. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దగును. ఆ బిడ్డకు 25 ఏండ్లు నిండువరకు లైసెన్సు పొందు అర్హత యుండదు. తమకు తెలియకుండ జరిగినదని గాని, తాము తగిన జాగ్రత్త తీసికొంటిమని గాని రుజువు చేసినవారికి మినహాయింపు కలదు. నావలె తాళము పిలిచి యిచ్చినవారు ఆ మాట యెట్లు చెప్పగలరు? జరిమానా కట్టవచ్చును, చదువు ముగించి ఉద్యోగమునకు పోవలసిన కుమారుడు ఇరువదియైదేండ్ల దాక లైసెన్సు లేక నిలిచిపోవుటను ఏ ధనమును పూడ్చలేదు.

ఈ నిర్బంధములేల?

"ఇన్ని కట్టుబాట్లు పిల్లలను పిరికివాండ్రను చేయును" అని కొందరందురు. బండి యెట్లు ఆగునో తెలిసినచో ఆ మాట యనరు. బ్రేకు వేయగనే బండి బరువు ముందుచక్రము మీదికి ఒరగును. అందుచే తిన్నని పొడి రోడ్డుపై ముందు బ్రేకే బండి నెక్కువగా ఆపును. మలుపున, కంకరపై, తడిలో దానినే ఒక్కసారిగా నొక్కిన ముందుచక్రము తిరుగుట మాని జారును. రెండు బ్రేకులను కలిపి క్రమముగా నొక్కుట చేతికి అలవాటు కావలసిన విద్య. చెప్పిన మాత్రమున రాదు. వేగము రెండింతలైన, బ్రేకు పట్టినపిమ్మట బండి ఆగుటకు కావలసిన దూరము నాలుగింత లగును. వెనుక నొకరెక్కిన బరువు పెరుగును, తూకము మారును; వారు ప్రక్కకు కదలినను క్రొత్తచేతికి బండి వశము తప్పును. నేర్చుకొనువాడు వెనుక నెవ్వరిని ఎక్కించుకొనరాదనుట యిందుకే.

అభిమన్యునకు పద్మవ్యూహమున ప్రవేశించుట తెలియును, వెలువడుట తెలియదు. మన బిడ్డలలో పెక్కుమందికి బండి పోనిచ్చుట తెలియును, ఆపుట తెలియదు. ఉత్తరకుమారుడు అంతఃపుర స్త్రీల యెదుట ప్రగల్భములు పలికి, కౌరవసేనను కన్నంతనే రథము దిగి పారిపోజూచెను. వానిని పట్టి నిలిపి, ధైర్యము చెప్పి, రథము నెక్కించినది బృహన్నల. తోడు నేర్పరి యుండుట వానికి చిన్నతనము కాలేదు, ప్రాణరక్షణ మయ్యెను.

2022వ సంవత్సరమున మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని కేంద్రప్రభుత్వ నివేదిక చెప్పుచున్నది. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనములపై నున్నవారు. హెల్మెటు లేక మరణించినవారు 50,029 మంది. ఈ అంకెలలో ప్రతి యొక్కటియు ఒక యింటి వాకిట ఎదురుచూచిన మనుష్యుడు.

చట్టము విడిచినది

మన చట్టములో నా కొక లోటు కనబడినది. పరీక్ష ముగిసి లైసెన్సు చేతికి రాగానే ఎల్ పలక ఊడిపోవును. దానితో కట్టుబాట్లును ఊడిపోవును. 100 సి.సి. బండిపై ఎనిమిది అంకె వలె గీచిన బాట తిరిగి, గేరు బండికి లైసెన్సు పొందిన పదునెనిమిదేండ్ల బాలుడు మరునాడే 650 సి.సి. మోటారుసైకిలుపై స్నేహితుని నెక్కించుకొని, అర్ధరాత్రి జాతీయ రహదారిపై పోవచ్చును. చట్టమడ్డు చెప్పదు.

ఇతర దేశములలో మెట్లు కట్టిరి. బ్రిటనులో 16 ఏండ్లకు 50 సి.సి. మోపెడ్డు, 17కు 125 సి.సి., 19కి 35 కిలోవాట్లకు మించని బండి యని క్రమము. ఆ మెట్టున రెండేండ్లు గడపి మరల పరీక్ష నిచ్చినవారికి 21 ఏండ్లకు, నేరుగా పరీక్ష నిచ్చువారికి 24 ఏండ్లకు గాని పెద్ద బండి దొరకదు. నేర్చుకొనువారు ప్రాథమిక శిక్షణము పొందనిదే రోడ్డెక్కరాదని 1990 నుండి నియమము. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్సులో క్రొత్తవారి బండి 660 సి.సి.కి మించరాదు, బండి బరువును బట్టి దాని శక్తి కొకమితి యున్నది, నేర్చుకొనువారు గంటకు 90 కిలోమీటర్లు దాటరాదు. న్యూజీలాండులో నేర్చుకొనువారు రాత్రి పది గంటల నుండి తెల్లవారుజామున అయిదు గంటల వరకు బండి నడుపరాదు. పెద్ద బండి, చీకటి, వెనుక మనిషి: ఈ మూడును క్రొత్తచేతికి ఒక్కసారిగా తగులకుండ విడివిడిగా, కాలక్రమమున నిచ్చుటయే యీ నియమముల తత్త్వము.

మన చట్టమున ఆ మెట్లు లేకున్న, మన యింట కట్టుకొనుటకు అడ్డేమి? ఉపనయనమైన బాలునకు మొదటి దినముననే వేదమంతయు నప్పగింపరు. పెండ్లియై వచ్చిన కోడలికి మొదటి దినముననే నూరుమంది వంట నప్పగింపరు. బండికి మాత్రము ఈ క్రమమేల వలదు?

మాయింటి కట్టుబాట్లు

మేము నలుగురము కూర్చుండి, పిల్లల యిష్టము గూడ నడిగి, కొన్ని నియమములు వ్రాసికొంటిమి. లైసెన్సు వచ్చిన పిదప ఆరు నెలలు వెనుక లైసెన్సు గల పెద్దవారు తప్ప మరెవ్వరును ఎక్కరాదు. ఆ ఆరు నెలలును దీపాలు పెట్టు వేళకు బండి యింట నుండవలయును, జడివానలో తీయరాదు. ఏడాది వరకు జాతీయ రహదారి వలదు. రెండేండ్లు నిండువరకు 125 సి.సి.కి మించిన బండి మాట యెత్తరాదు. ఐ.ఎస్.ఐ. గుర్తుగల హెల్మెటు పట్టీ బిగింపక తాళము త్రిప్పరాదు. ఫోను సీటు క్రింది పెట్టెలో నుండవలయును.

"ఇవన్నీ నాకేనా?" అని మావాడు మెల్లగా నడిగెను. ఆ ప్రశ్నకు మాటతో బదులు చెప్పుట న్యాయముగా తోచలేదు. ముప్పదియారేండ్ల వయసున నేనే లెర్నర్ లైసెన్సు తీసికొంటిని. మా వారు వెనుక కూర్చుండి నేర్పగా, ఆదివారము తెల్లవారుజామున, కొంగు నడుమున బిగించి, ముందు వెనుకల ఎర్ర అక్షరముతో ఊరిబాటపై బండి నడిపితిని. నీళ్లకు పోవు అమ్మలక్కలు నిలిచి చూచిరి. సిగ్గగునని మొదట జంకితిని. ఎదుటి ఆటోవాడు ఆ అక్షరమును జూచి, వేగము తగ్గించి దారియిచ్చినప్పుడు అది అవమానచిహ్నము కాదని తెలిసినది. మొదటి పరీక్షలో ఎనిమిది తిరుగుచు కాలు నేల మోపి తప్పితిని. కొన్నాళ్లకు మరల పోయి నెగ్గితిని. ఆ పిదప మాయింటి నియమములన్నియు నాకును వర్తించినవి. ఆరు నెలలు నా బిడ్డలను నా వెనుక నెక్కించుకొనలేదు.

మావానికి పదునెనిమిది నిండినవి. లెర్నర్ లైసెన్సు వచ్చిననాడు ఎర్ర అక్షరపు పలకలను తానే బండికి బిగించుకొనెను. మొన్నటి నెలలో పరీక్ష నెగ్గెను. నిన్న పిల్ల తలుపు పట్టుకొని "అన్నా, నన్ను బడి దగ్గర దించవా?" అని యడిగినది. నేను వంటింటి నుండి వచ్చులోపలనే "ఇంకా అయిదు నెలలుంది, అమ్మతో వెళ్లు" అని వాడే చెప్పెను. అది మూతి ముడుచుకొనినది. నేను తాళము తీసికొని దానికి హెల్మెటు బిగించితిని.

సోదరీమణులారా! పాలు లేని పూట బంధువులకు మజ్జిగ యిచ్చినను గౌరవమునకు లోటు రాదు. బిడ్డ "ఒక్కసారి" యని చేయి చాచినపుడు వాని వయసు, వాని లైసెన్సు, వాని తలపై హెల్మెటు, వాని వెనుక నెక్కువారు ఎవరన్నది, ఈ నాలుగును విచారింపక తాళపుచెవి నీయకుడు. కాదనుట ప్రేమ లేక కాదని వానికి నేడు తెలియకున్నను, తాను తండ్రియైననాడు తప్పక తెలియును.