మొక్కజొన్న దిగుబడి: విత్తనానికి కిరణాలు, నేలకు నత్రజని

జంషెడ్‌పూర్ ఉక్కు నగరం. ఊరు దాటితే మాత్రం చుట్టూ ఎర్రమట్టి మెట్ట చేలే. వానాకాలంలో ఈ చేలల్లో మొక్కజొన్న వేస్తారు. నీటి వసతి తక్కువ, నేలలో సారమూ తక్కువే. ఇలాంటి చోట దిగుబడి పెంచడానికి వినిపించే మార్గాల్లో రెండు ఇవి: విత్తనాన్ని గామా కిరణాలతో శుద్ధి చేయడం, నత్రజని ఎరువు వేయడం. ఈ రెండూ ఎలా పనిచేస్తాయి? రెండూ కలిస్తే ఏమవుతుంది?

విత్తనంలో కిరణాలు చేసే పని

గామా కిరణాలకు సాధారణంగా కోబాల్ట్-60ని వాడతారు. కిరణాలు గింజలోంచి దూసుకుపోతాయి, అందులో నిలిచిపోవు. కాబట్టి గింజ రేడియోధార్మికం కాదు. జంషెడ్‌పూర్‌కు సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలోనే జాదుగూడ యురేనియం గని ఉంది. అక్కడి ఖనిజంలో కిరణాలు వెలువరించే పదార్థమే ఉంటుంది. కిరణాలు సోకిన గింజలో అలాంటి పదార్థమేదీ చేరదు. ఈ తేడా గమనించాలి.

గింజలోని నీటి అణువులను కిరణాలు విడగొడతాయి. అప్పుడు పుట్టే చురుకైన కణాలు ఎంజైములను, హార్మోన్లను ప్రభావితం చేస్తాయి. మోతాదు చాలా తక్కువైతే కొన్నిసార్లు మొలక త్వరగా వస్తుంది, వేరు బలంగా ఎదుగుతుంది. మోతాదు పెరిగితే క్రోమోజోములు తెగి మొక్క గిడసబారుతుంది.

ఎక్కువ మోతాదుకూ ఒక ఉపయోగం ఉంది. 1928లో అమెరికా శాస్త్రవేత్త లూయిస్ స్టాడ్లర్ ఎక్స్ కిరణాలతో బార్లీ మొక్కల్లో ఉత్పరివర్తనాలు కలుగుతాయని చూపించాడు. మొక్కజొన్నపైనా ఆయన విస్తృతంగా పనిచేశాడు. మన దేశంలో భాభా అణు పరిశోధన కేంద్రం ఈ పద్ధతితోనే 50కి పైగా పంట రకాలను అందించింది. టీఏజీ-24 వేరుశనగ వాటిలో ఒకటి. అయితే ఈ పనిలో వేల మొక్కల్లోంచి మంచివాటిని ఏరి, తరాల తరబడి పరీక్షించాలి. విత్తనానికి ఒకసారి కిరణాలు పట్టించి అదే ఏడాది ఎక్కువ గింజ ఆశించడం వేరే సంగతి. అలాంటి ప్రయోగాల్లో ఫలితాలు రకాన్ని బట్టి, గింజలో తేమను బట్టి, మోతాదును బట్టి మారిపోతుంటాయి.

నత్రజని ఎందుకు?

మొక్కజొన్న నత్రజనిని బాగా తీసుకునే పంట. ఆకుపచ్చదనానికీ, గింజలోని మాంసకృత్తులకూ అదే ఆధారం. తక్కువైతే కింది ఆకులు కొన నుంచి మధ్య ఈనె వెంట పసుపు రంగుకు తిరుగుతాయి, కండె చిన్నదవుతుంది. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20.7 కిలోలే. హెక్టారుకు 120 కిలోల నత్రజనిని యూరియాతోనే ఇవ్వాలంటే దాదాపు ఆరు బస్తాలు కావాలి. అంతా ఒకేసారి వేస్తే వాన నీటితో కొట్టుకుపోతుంది. అందుకే విత్తేటప్పుడు కొంత, పైరు మోకాలెత్తు పెరిగినప్పుడు కొంత, జల్లు వేసే దశలో కొంత వేయాలంటారు.

రెండూ కలిస్తే

కిరణాల ప్రభావమెంతో, ఎరువు ప్రభావమెంతో తేల్చాలంటే నాలుగు రకాల మళ్లు కావాలి: ఏదీ లేనిది, కిరణాలు మాత్రమే, నత్రజని మాత్రమే, రెండూ ఉన్నది. ప్రతిదాన్నీ పొలంలో వేర్వేరు చోట్ల పలుమార్లు వేయాలి. రెండూ ఉన్న మడిని, ఏదీ లేని మడితో మాత్రమే పోల్చితే ఎరువు చేసిన మేలు కిరణాల ఖాతాలో పడిపోవచ్చు. కిరణాలు మొలకకు ఊపునివ్వగలవేమో కానీ పోషకాన్ని పుట్టించలేవు. వేరు బలపడినా నేలలో నత్రజని లేకపోతే గింజ నిండదు.

నేల చెప్పిన పాఠం

నత్రజని ఒక్కటే సరిపోతుందా అంటే, అదీ కాదు. రాంచీ దగ్గర కాంకేలో, నేటి బిర్సా వ్యవసాయ విశ్వవిద్యాలయ క్షేత్రంలో, 1956లో మొక్కజొన్న, గోధుమ పంటలతో దీర్ఘకాలిక ప్రయోగం మొదలైంది. ఏటా అమ్మోనియం సల్ఫేట్ మాత్రమే వేసిన మళ్లలో కాలక్రమేణా దిగుబడి పూర్తిగా పడిపోయింది. ఎరువులోని అమ్మోనియంను సూక్ష్మజీవులు నైట్రేట్‌గా మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది. అసలే ఆమ్ల గుణమున్న ఆ ఎర్రనేల మరింత పుల్లబడింది. అలాంటి నేలలో అల్యూమినియం కరిగి వేరు కొనలను దెబ్బతీస్తుంది, భాస్వరం పంటకు అందకుండా పోతుంది. భాస్వరం, పొటాష్‌లతో పాటు సున్నం, పశువుల ఎరువు వేసిన మళ్లు మాత్రం నిలబడ్డాయి.

కాబట్టి ఈ ప్రాంతపు రైతు ముందుగా చేయించాల్సింది భూసార పరీక్ష. ఆమ్లం ఎక్కువగా ఉంటే విత్తేటప్పుడు సాళ్లలో సున్నం వేయాలి, నత్రజనిని దఫాలుగా ఇవ్వాలి. కిరణాలతో శుద్ధి చేసిన విత్తనమంటూ ఎవరైనా అమ్మజూపితే, పక్కనే మామూలు విత్తనం కూడా అదే ఎరువుతో వేసి, రెండింటి గింజనూ తూచి చూశాకే ఖర్చు పెట్టడం మంచిది.