మెడ నొప్పి: కారణాలు, లక్షణాలు

ఉదయం నిద్ర లేచేసరికి మెడ ఒక పక్కకు తిరగదు. "మెడ పట్టేసింది" అనుకుంటాం. ఒకరు దిండు మార్చమంటారు, మరొకరు మంగలి షాపులో మెడ విరిపించుకోమంటారు. చాలామందికి ఈ నొప్పి కొద్ది రోజుల్లోనో, కొన్ని వారాల్లోనో తగ్గిపోతుంది. అయితే ఏ నొప్పికి ఆసుపత్రికి రావాలో ప్రతి కుటుంబమూ తెలుసుకోవాలి.

మెడలో ఏముంది?

మన తల బరువు సుమారు 5 కిలోలు. దానిని మెడలోని 7 ఎముకలు, వాటి చుట్టూ ఉన్న కండరాలు మోస్తాయి. ఎముకల మధ్య మెత్తల వంటి డిస్కులు ఉంటాయి. ఎముకల లోపలి దారి గుండా వెన్నుపాము దిగుతుంది. దాని నుండి బయలుదేరే నరాలు చేతుల వరకు వెళ్తాయి. అందుకే మెడలోని లోపం ఒక్కోసారి చేతిలో కనబడుతుంది.

కారణాలు

గంటల తరబడి తల వంచి పని చేయడం ముఖ్య కారణం. బీడీలు చుట్టేవారు, దర్జీలు, కంప్యూటరు ముందు కూర్చునేవారు, సెల్‌ఫోను వదలని పిల్లలు అందరూ ఈ కోవలోకే వస్తారు. తల ముందుకు వంగేకొద్దీ మెడ కండరాలపై భారం పెరుగుతుంది. తలపై బరువులు మోయడం, ఎత్తైన దిండు, దెబ్బలు, మానసిక ఒత్తిడి కూడా కారణాలే.

వయసుతో డిస్కులు అరిగి, ఎముకల అంచులు పెరుగుతాయి. 60 ఏళ్లు దాటినవారిలో నొప్పి లేకపోయినా చాలామందికి ఎక్స్‌రేలో ఈ అరుగుదల కనిపిస్తుంది. కనుక "ఎముకలు అరిగాయి" అన్న మాటకు భయపడనవసరం లేదు.

లక్షణాలు

కండరాల నొప్పి అయితే మెడ బిగుసుకుంటుంది, తల తిప్పితే బాధ ఎక్కువవుతుంది. నరం నొక్కుకుంటే నొప్పి భుజం మీదుగా చేతిలోకి పాకుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

వెన్నుపాము నొక్కుకుంటే నొప్పి పెద్దగా ఉండకపోవచ్చు. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, అన్నం కలుపుకోవడం కష్టం కావడం, నడకలో తూలడం, కాలి చెప్పు జారిపోయినా తెలియకపోవడం దీని గుర్తులు. వీటిని "పెద్దవయసు కదా" అని వదిలేయకండి. ఆలస్యమైతే పోయిన బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

వెంటనే ఆసుపత్రికి రండి

• చేతులు, కాళ్లలో బలం తగ్గినా, మూత్రంపై అదుపు తప్పినా
• జ్వరం, తీవ్రమైన తలనొప్పితో మెడ బిగుసుకున్నా
• పడిపోయిన తరువాత, ప్రమాదం తరువాత నొప్పి వచ్చినా
• మెడ నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉన్నా

రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్నెముక క్షయ కావచ్చు. పరీక్ష చేయించుకోండి. దీనికి మందులున్నాయి.

ఇంట్లో ఏం చేయాలి?

వేడి కాపడం పెట్టండి. మెడను మెల్లగా కదిలిస్తూ ఉండండి. అరగంటకొకసారి పని ఆపి తల ఎత్తండి. కాలర్‌ను వైద్యుల సలహా లేకుండా వారాల తరబడి వాడితే కండరాలు బలహీనపడతాయి.

మెడను మాత్రం ఎవరిచేతా విరిపించుకోవద్దు. అలా హఠాత్తుగా తిప్పినప్పుడు అరుదుగా మెదడుకు వెళ్లే రక్తనాళం చిరిగి పక్షవాతం రావచ్చు. రెండు రోజుల్లో తగ్గే నొప్పికి అంత ప్రమాదం కొనితెచ్చుకోవడం ఎందుకు?