పాత సోవియట్ కటకములు - నేటి కెమెరాలు

కెమెరా యంత్రము పదేండ్లలో పాతబడవచ్చును. కాని చక్కగా సానబట్టిన గాజుకటకము అరువది ఏండ్ల తరువాత గూడ కాంతికిరణములను మొదటి దినమున వంచినట్లే వంచును. వక్రీభవన నియమములకు వయస్సు లేదు. అందుచేతనే సోవియట్ యూనియనులో తయారైన పాత కటకములను కొని, నేటి డిజిటల్ కెమెరాలకు తగిలించి ఫోటోలు తీయువారు అనేక దేశములలో ఉన్నారు. వీటి వెల సాధారణముగా కొత్త కటకముల వెలకంటె తక్కువ. అయితే పరీక్షింపక కొన్నచో ఆ కొద్దిపాటి సొమ్మును దండుగయే. ఏమి పరీక్షింపవలెనో మన భౌతికశాస్త్ర పాఠమే చెప్పగలదు.

హీలియాస్-44 పుట్టుక

ఉదాహరణకు హీలియాస్-44 అను కటకమును తీసికొందము. దీని నాభ్యంతరము 58 మిల్లీమీటర్లు. జర్మనీలో యేనా నగరమందలి కార్ల్ జైస్ సంస్థవారి బయోటార్ కటకము దీనికి మాతృక. రెండవ ప్రపంచ యుద్ధానంతరము జైస్ కర్మాగారపు యంత్రసామగ్రి యుద్ధపరిహారముగా సోవియట్ యూనియనుకు తరలింపబడినది. మాస్కో సమీపమున గల క్రాస్నోగార్స్క్ కర్మాగారమువారు జెనిత్ కెమెరాలకొరకు హీలియాస్-44ను లక్షలకొలది తయారుచేసిరి.

దీనిలో ఆరు గాజుకటకములు నాలుగు జట్లుగా కూర్చబడియున్నవి. కావున గాలియు గాజును కలియు ఉపరితలములు ఎనిమిది. పూతలేని గాజుతలము ఒక్కొక్కటి తనపై బడిన కాంతిలో సుమారు 4 శాతమును పరావర్తనము చేయును. 0.96ను ఎనిమిది సార్లు గుణించి చూడుడు: 0.72 వచ్చును. అనగా నూటికి 28 పాళ్ల కాంతి లోపలికి పోకయే వ్యర్థమగును. పలుచని పూత వేసినచో ప్రతి తలమువద్ద నష్టము 1.5 శాతమునకు దిగి, సుమారు 89 పాళ్లు లోపలికి పోవును. కటకముపై నీలి లేక ఊదా ఛాయ కనబడుటకు ఈ పూతయే కారణము. దీనిని గుడ్డతో గట్టిగా రుద్ది చెరుపరాదు.

ఒక మిల్లీమీటరు తప్పినచో

హీలియాస్-44-2 కటకమునకు 42 మిల్లీమీటర్ల వ్యాసము, 1 మిల్లీమీటరు అంతరము గల మర ఉన్నది. కటకము ఆనుకొను అంచునుండి ఫిల్మువరకు దూరము 45.46 మిల్లీమీటర్లు ఉండవలెను. సోనీ ఇ రకపు కెమెరాలో ఆ దూరము 18 మిల్లీమీటర్లే. మిగిలిన 27.46 మిల్లీమీటర్ల మందము గల ఉంగరమును నడుమ బిగించినచో లెక్క సరిపోవును.

పాత నికాన్ ఎఫ్ రకములో ఈ దూరము 46.5 మిల్లీమీటర్లు. ఉంగరమునకు మందమే లేదనుకొన్నను కటకము 1.04 మిల్లీమీటర్లు ముందునకు జరిగిపోవును. దీని ఫలితమేమి? నాభ్యంతరపు విలోమము, వస్తుదూర ప్రతిబింబదూరముల విలోమముల మొత్తమునకు సమానము. నాభ్యంతరము 58, ప్రతిబింబదూరము 59.04 అయినచో వస్తుదూరము సుమారు 3.3 మీటర్లు వచ్చును. అంతకు మించిన దూరమందలి చెట్టుగాని, కొండగాని, చంద్రుడుగాని స్పష్టముగా రాదు. కావున మొదట చూడవలసినది కటకమును గాదు, మీ కెమెరాను.

ఇంకొక చిక్కు కలదు. 39 మిల్లీమీటర్ల మర గల సోవియట్ కటకములు రెండు తెగలు. తొలి జెనిత్ కెమెరాలవాటికి పై దూరము 45.2 మిల్లీమీటర్లు, ఫెడ్, జోర్కి కెమెరాలవాటికి 28.8 మిల్లీమీటర్లు. మర ఒకటే యని మోసపోరాదు.

కొనునపుడు పరీక్షలు

కటకమునకు వెనుకనుండి టార్చి వెలిగించి, ముందునుండి ఏటవాలుగా చూడుడు. సాలెగూటి పోగులవంటివి కనబడినచో అది బూజు. ముదిరిన బూజు పూతను, గాజును గూడ తినివేయును. తుడిచినను మచ్చ పోదు. తెల్లని పొగవంటి మసక యున్నచో చిత్రము వెలవెలబోవును. ఒకటి రెండు ధూళికణములవలన బాధలేదు. ముందుగాజు మీది సన్నని గీతకంటె వెనుకగాజు మీది గీత హెచ్చు హాని చేయును.

తరువాత దూరమును సరిచేయు వలయమును త్రిప్పుడు. గ్రీజు గట్టిపడినచో అది బిగుసుకొని యుండును. కాంతిద్వారపు రేకులు మూసుకొని తెరచుకొనవలెను. మర నొక్కుకుపోయియున్నచో కొనకుడు. వరుససంఖ్యలోని మొదటి రెండంకెలు సామాన్యముగా తయారైన సంవత్సరమును తెలుపును: 78తో మొదలైనది 1978 నాటిది.

కొన్న పిదప దానిని తేమ తగులని డబ్బాలో, సిలికాజెల్ పొట్లముతో భద్రపరచవలెను. తీరప్రాంతపు వర్షాకాలములో ఇది మరీ అవసరము. ఈ కటకమునకు కెమెరాతో విద్యుత్సంబంధము లేదు గనుక, కటకము లేకున్నను చిత్రము తీయునట్లు కెమెరాలో ఏర్పాటు చేసికొని, దూరమును ద్వారమును చేతితోనే సరిచేయవలెను.

తరగతిలో దీనిని కిటికీకి ఎదురుగా నుంచి, వెనుక తెల్లకాగితము పట్టినచో వెలుపలి చెట్లు తలక్రిందులుగా కనబడును. సూర్యుని మాత్రము దీనిగుండ ఎన్నడును చూడరాదు; చూపు పోవును. కాగితము ముందునకు వెనుకకు జరిగినకొలది ప్రతిబింబము చెదరుట చూచిన విద్యార్థికి, పైన చెప్పిన 1.04 మిల్లీమీటర్ల విలువ ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు.