సముద్రం లేని ఊళ్లో.. అల పుట్టాలంటే పంపే దిక్కు!

* ఉప్పునీటి చేపల తొట్టికి మోటారే ప్రాణం
* కూలర్ పంపుతో సరిపెడితే చేపలకు ముప్పు
* కరెంటు పోయినప్పటి సంగతి ముందే ఆలోచించాలి

బీదర్: సముద్రం ఎక్కడ.. బీదర్ ఎక్కడ! సముద్ర మట్టానికి రెండు వేల అడుగులకు పైన ఉన్న ఎర్రరాతి గడ్డ మనది. అయితేనేం, కర్ణాటక పశువైద్య, పశు, మత్స్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ప్రధాన కార్యాలయం ఉన్నది ఇక్కడి నందినగర్‌లోనే. దాని మత్స్య కళాశాల మాత్రం మంగళూరులో ఉంది. హైదరాబాద్ వెళ్లి దుకాణంలో నారింజ రంగు క్లౌన్ చేపలను చూసి మనసు పడేవాళ్లు తొట్టికి, లైట్లకు, చేపలకు వేలు పోస్తారు. పంపు దగ్గరికొచ్చేసరికి చేయి వెనక్కి తీస్తారు. అక్కడే వస్తుంది చిక్కు.

బుడగలు చాలవు
మంచినీటి తొట్టికి గాలి బుడగల మోటారు ఒక్కటుంటే గడిచిపోతుంది. ఉప్పునీటి సంగతి వేరు. ఉప్పు కలిసిన నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. నీరు వేడెక్కితే ఇంకా తగ్గుతుంది. తొట్టి నీరు 25 నుంచి 27 డిగ్రీల్లో ఉండాలి. మేలో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు. అడుగు నీరు పైకి, పై నీరు కిందికి తిరుగుతుంటేనే గాలి నీళ్లలో కలుస్తుంది. రాళ్లను అంటుకుని ఉండి, చేపల వ్యర్థాల్లోని అమ్మోనియాను హరించే బ్యాక్టీరియా బతికేదీ ఆ కదలికతోనే.

లెక్క ఇలా..
మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టిలో సుమారు 190 లీటర్లు పడతాయి. చేపలు మాత్రమే ఉంటే గంటకు దానికి 10 నుంచి 20 రెట్ల నీరు తిరగాలి. అంటే 2 వేల నుంచి 4 వేల లీటర్లు. ఇదంతా ఒకే పంపుతో తిప్పితే ఒక మూల తుపాను, మరో మూల బురద. రెండు చిన్న వేవ్‌మేకర్లు ఎదురెదురు మూలల్లో పెట్టడమే మేలు. ఒకటి ఆగినా రెండోది నిలబెడుతుంది.

డబ్బా మీద జీపీహెచ్ అని ఉంటే అది గంటకు గ్యాలన్లు. అమెరికా గ్యాలన్ 3.8 లీటర్లు. 600 అని ఉంటే దాదాపు 2,270 లీటర్లన్నమాట.

తొట్టి కింద సంపు పెట్టుకునేవారికి నీటిని పైకి ఎక్కించే రిటర్న్ పంపు వేరే కావాలి. దీనికి గంటకు మూడు నుంచి ఐదు రెట్లు చాలు. అయితే డబ్బా మీది అంకె ఎత్తు సున్నా ఉన్నప్పటిది. నాలుగడుగులు ఎక్కాలంటే ఆ అంకెలో చాలా భాగం మాయమవుతుంది. మేడ మీది ట్యాంకుకు మోటారు కొన్నప్పుడు 'హెడ్' ఎంత అని అడుగుతాం కదా, ఇక్కడా అదే అడగాలి.

అమెరికా రెట్లు మనకెందుకు?
పగడాలకు 40, 50 రెట్లు కావాలని విదేశాల్లో చెబుతారు. గట్టి పగడాలు, సముద్రపు గుర్రాలు మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జీవులు. 2001లో వీటిని అందులో చేర్చారు. కొన్నా, అమ్మినా, ఇంట్లో ఉంచుకున్నా నేరమే. కాబట్టి అంత పెద్ద పంపుతో పని లేదు.

అమెరికాలో ఉన్న అబ్బాయి పంపు పంపిస్తానన్నా ఒప్పుకోవద్దు. అక్కడి కరెంటు 110 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. నేరుగా తగిలిస్తే కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా ఈ రకం ఏసీ మోటారు ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది.

కూలర్ పంపు వద్దు
వేసవి పోయాక కూలర్ పంపు తీసి తొట్టిలో పడేసే అలవాటు కొందరికి ఉంది. ఇనుప కడ్డీ ఉప్పుకు తుప్పు పడుతుంది. లోపలి రాగి తీగ బయటపడితే రొయ్యలు, నత్తలు చచ్చిపోతాయి. ఉప్పునీటికి పనికొస్తుందని రాసి ఉన్న, సిరామిక్ కడ్డీ పంపే తీసుకోవాలి. అన్నట్టు, అందంగా ఉంటుందని బిద్రీ బొమ్మను కూడా తొట్టిలో పెట్టకండి. జింకు, రాగి కలిసిన లోహం అది!

కరెంటు పోతే..
అసలు పరీక్ష ఇదే. రాత్రి కరెంటు పోయిందనుకోండి. రిటర్న్ పంపు ఆగగానే పైతొట్టి నీరు అదే గొట్టంలో వెనక్కి జారి సంపు పొర్లి ఇల్లంతా ఉప్పునీరే. గొట్టానికి నీటిమట్టం కింద చిన్న రంధ్రం పెడితే అక్కడ గాలి చొరబడి జారుడు ఆగుతుంది. ఆలోపు దిగే నీటికి సంపులో ఖాళీ వదలాలి.

వేవ్‌మేకర్లలో ఒకటైనా 12 వోల్టుల డీసీ రకం ఉంటే మంచిది. 10 వాట్ల పంపును 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఐదారు గంటలు నడుపుతుంది. ఇన్వర్టర్ ఉన్నవాళ్లకు సైన్‌వేవ్ రకమే శ్రేయస్కరం, లేకుంటే ఏసీ మోటారు గుర్రుమంటూ వేడెక్కుతుంది. ఆ వేడి మళ్లీ నీటికే. నౌబాద్ కరేజ్‌లో వాలుతోనే శతాబ్దాలు నీరు పారించారు. తొట్టికి ఆ సౌకర్యం లేదు మరి.

బిల్లు సంగతీ చూడండి. 40 వాట్ల పంపు రాత్రింబవళ్లు తిరిగితే నెలకు దాదాపు 29 యూనిట్లు. గృహజ్యోతిలో 200 యూనిట్లు దాటితే మొత్తం బిల్లు మీదే.

ఉప్పునీరు, కరెంటు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. ప్లగ్గు కన్నా కిందికి వైరు వంపు తిరిగేలా వదిలితే జారే చుక్క సాకెట్లోకి పోదు. పంపును రెండు మూడు నెలలకోసారి విప్పి, నీళ్లు కలిపిన తెల్ల వెనిగర్‌లో నానబెడితే సున్నం పొర వదులుతుంది.

ఆర్వో నీటిలో లీటరుకు 35 గ్రాముల చొప్పున అక్వేరియం ఉప్పు కలిపి, రాళ్లు పెట్టి, నాలుగు నుంచి ఆరు వారాలు చేపలు లేకుండా పంపులు తిప్పాలి. మన వీధిలో కరెంటు ఎన్నిసార్లు పోతోందో, బ్యాటరీ ఎన్ని గంటలు లాగుతోందో ఆలోపే తేలుతుంది. క్లౌన్ చేపల కోసం హైదరాబాద్ బస్సెక్కేది ఆ తర్వాతే.