నడుం నొప్పంటే బండ మోసిన నొప్పేనా?

కడప, కర్నూలు బండ గనుల్లో మనవాళ్ళు ఏళ్ళ తరబడి బరువులు మోస్తున్నారు. అరవై దాటిన పెద్దాయన నడుం నొప్పి అంటే కష్టం చేసిన ఒళ్ళు అనుకుంటాం. రాత్రి నాలుగైదుసార్లు ఒంటికి లేస్తే వయసు అనుకుంటాం. అవి ప్రోస్టేట్ క్యాన్సర్ గుర్తులూ కావచ్చు. మొదట్లో ఈ జబ్బు బయటపడదు. ఎముకలకు పాకాకే నడుం పట్టుకుంటుంది.

పీఎస్‌ఏ రక్తపరీక్ష అనుమానం మాత్రమే చెబుతుంది. మామూలు వాపుకూ అది పెరుగుతుంది. ముక్క తీసి చూసే బయాప్సీయే తేలుస్తుంది. గ్రంథి దాటకముందైతే ఆపరేషన్‌తోనో రేడియేషన్‌తోనో నయం చేయవచ్చు. ఎముకలకు పాకితే మగ హార్మోన్‌ను ఆపి జబ్బును అదుపులో పెడతారు. అందుకు ఇంజెక్షన్లు వరసగా వేయించుకోవాలి, లేదా ఒకేసారి వృషణాలు తీయించుకోవాలి. ఈ దారి చూపిన చార్లెస్ హగ్గిన్స్‌కు 1966లో నోబెల్ వచ్చింది.

రెండోది చవక. అంతమాత్రాన పేదవాడికి అదొక్కటే చెప్పి వేలిముద్ర వేయించుకోకూడదు. రెండూ వివరించాలి, నిర్ణయం ఆయనదే కావాలి.

కర్నూలులో స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అక్కడిదాకా పోవాలంటే కూలీకి ఆ రోజు కూలి పోతుంది. అందుకే గుర్తులున్నవాళ్ళకు పీఎస్‌ఏ పరీక్ష ఊరి పీహెచ్‌సీలోనే చేయాలని అడుగుదాం. అది దయ కాదు, మన హక్కు.