మంత్రుల యింటి జాబులు

మంత్రి శాసనసభయందు పలికిన పలుకు మఱునాడే అచ్చుపడును. అతడు రాత్రివేళ ఇంటివారికి వ్రాసిన జాబు ఏ ట్రంకుపెట్టె అడుగుననో పడియుండును. అయినను యుద్ధకాలమున అతని మనస్సెట్లుండెనో తెలిసికొనగోరువారికి ఈ రెండవదియే మేలైన సాక్ష్యము.

ఇంగ్లండునందు నెవిల్ చేంబర్లేను తన చెల్లెండ్రు ఐడా, హిల్డాలకు వారము వారము వంతులవారిగా ఇరువదియేండ్లకు మించి జాబులు వ్రాసెను. 1938 సెప్టెంబరులో హిట్లరును చూచివచ్చిన పిమ్మట, ఆ మనుజుడు మాట యిచ్చిన నిలుపుకొనువాడుగనే తోచినాడని ఐడాకు తెలిపినది ఆ వరుసలోనిదే. ఏ ప్రభుత్వపత్రమునందును ఒక ప్రధానమంత్రి తన భ్రమను ఇంత నిష్కపటముగ బయటపెట్టుకొనియుండడు. 1939 సెప్టెంబరు 3వ తేదీని యుద్ధము ప్రకటించినవాడును అతడే. 1940 మే నెలలో పదవి విడిచినవాడును అతడే. ఆ దినములలోను జాబులు మానలేదు. చెల్లెండ్రు వానిని దాచిరి. నేడవి బర్మింగుహాము విశ్వవిద్యాలయమున నున్నవి. సంపుటములుగ అచ్చయినవి కూడ. చేంబర్లేను రాజనీతి మనకు చేసిన మేలేమియు లేదు గాని, ఆ యింటి ఆడువారి జాగ్రత్తను మెచ్చుకొనక తప్పదు.

అదే యుద్ధమున మన మంత్రుల జాబులు వేఱు త్రోవను నడచినవి. భారతప్రజల నొక్క మాటయైన నడుగక వైస్రాయి లిన్‌లిత్‌గో ఈ దేశమును యుద్ధమునకు దింపగా, 1939 అక్టోబరులో మద్రాసు మంత్రివర్గము రాజీనామా యిచ్చెను. రెవిన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం పంతులుగారు, పరిశ్రమల కార్మిక శాఖల మంత్రి వి. వి. గిరిగారు, స్థానికపాలన మంత్రి బెజవాడ గోపాలరెడ్డిగారు అందులోనివారే. 1942 ఆగస్టు పిమ్మట ప్రకాశంగారును గిరిగారును నిర్బంధమున నుండిరి. ఇంగ్లండు మంత్రి జాబును మొదట విప్పునది చెల్లెలు. మన మాజీ మంత్రి జాబును మొదట విప్పునది సెన్సారు.

అహమ్మదునగరు కోట సంగతి మన సీమవారికి మఱింత దగ్గఱ. గణపవరమునకు కొలది క్రోసుల దూరమున, కొల్లేటి కుత్తరపు దిక్కున నున్న గుండుగొలనులో 1880లో జన్మించిన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1942 ఆగస్టు 9వ తేదీని బొంబాయిలో నిర్బంధింపబడి ఆ కోటలో చేరిరి. వారు మంత్రులు కారు, కాంగ్రెసు కార్యవర్గ సభ్యులు. కాని తోడి బందీలలో సంయుక్త రాష్ట్ర ప్రధానిగా నుండి రాజీనామా యిచ్చిన గోవిందవల్లభ పంతుగారును, బీహారు మంత్రిగా నుండిన సయ్యదు మహమ్మూదుగారును ఉండిరి. మొదట జాబులే లేవు. తరువాత దగ్గఱి బంధువులకు మాత్రము, అదియు గృహవిషయములు మాత్రము వ్రాయవచ్చునని అనుమతి కలిగెను.

గృహవిషయ మనగా నేమి? 1942లో బర్మా జపానువారి వశమై అచ్చటి బియ్యము రాక నిలిచిన పిమ్మట, డెల్టా రైతు చెఱనుండి ధాన్యపు ధర యడిగిన నది గృహవిషయమా, రాజకీయమా? ఆ తీర్పు సెన్సారు కలమునకే విడువబడెను! ఆ కోటలోని మౌలానా ఆజాదుగారి భార్య 1943 ఏప్రిలులో కలకత్తాయందు మరణించెను. ఆమె జబ్బు ముదిరినదని తెలిసియు, విడుదల కొఱకు సర్కారును యాచించుటకు వారు సమ్మతింపలేదు. వారు ఒక మిత్రునికి జాబులవలె వ్రాసి పంపక తమయొద్దనే యుంచుకొన్న లేఖలు తరువాత గ్రంథమైనవి. పట్టాభిగారి చెఱసాల దినచర్యయు 1946లో అచ్చయ్యెను. పెద్దల వ్రాతలు ఈ విధముగ నిలిచినవి.

మన జిల్లాలనుండి చెఱకేగిన మిగిలినవారి జాబుల గతి యేమి? పశ్చిమ గోదావరి జిల్లాకు చెందిన దండు నారాయణరాజుగారు 1944లో తంజావూరు చెఱలోనే కన్నుమూసిరి. పేరెఱుగని వారెందఱో వేలూరునుండియు, తంజావూరునుండియు, రాజమహేంద్రవరమునుండియు ఇంటికి కార్డులు వ్రాసిరి. ఆ కార్డులు మండువా యిండ్ల అటకలమీద కొల్లేటి తేమకు, చెదలకు లోబడుచున్నవి. ఇల్లు పడగొట్టి డాబా కట్టునాడు పాత కాగితముల వానికి తూకమునకు పోవుచున్నవి. పాత దస్తావేజును పదిలముగ దాచు రైతుకు జాబును దాచుట అసాధ్యము కాదు. దస్తావేజు పొలమును చూపును గనుక దాచెను. జాబు దేనిని చూపునో యెవ్వరు నతనికి చెప్పలేదు.

కొందఱు సంకోచింతురు: జాబులలో అప్పుల మాటలు, అన్నదమ్ముల తగవులు ఉండునని. ఉండును. అట్టివానిని కట్టగట్టి, ఇన్నియేండ్లవఱకు విప్పరాదని నిబంధన వ్రాసి గ్రంథాలయమునకీయవచ్చును, తగులబెట్టనక్కరలేదు. 1918నుండి పాతపత్రికలను కాపాడుచున్న వేటపాలెపు సారస్వత నికేతనము వంటి సంస్థలు మనకు లేకపోలేదు. ఇచ్చుటకు మనసొప్పనివారు ఛాయాచిత్రములైన తీయించి యీయవచ్చును. కవరు పాఱవేయరాదు, సెన్సారు ముద్ర దానిపైననే యుండును. కొట్టివేసిన పంక్తులును విలువగలవే. చిరుగులకు జిగురుపట్టీలు అంటింపరాదు.

ఇంకొక పని మాత్రము ఆలస్యమునకోర్వదు. ఆ గొలుసుకట్టు వ్రాతను చదువగలవారు, జాబులోని పెద్దబ్బాయి యెవరో, చిన్నక్క యెవరో చెప్పగలవారు ఇంటికొక్కరైన మిగులుట అరుదు. అట్టి ముత్తవ్వ యున్న యింటివారు ఆమె చెంత కూర్చుండి, ఆ పేరులను వేఱొక కాగితముపై వ్రాసి జాబులతో కట్టి యుంచవలయును.