సముద్ర తాబేళ్ల తీరాలు: అపోహలు – వాస్తవాలు

ఆలివ్ రిడ్లే తాబేలు బతుకంతా సముద్రంలోనే. గుడ్లు పెట్టడానికి మాత్రం ఆడ తాబేలు రాత్రివేళ ఒడ్డెక్కుతుంది. అలలు తాకని పొడి ఇసుక చేరి, వెనుక తెడ్డుకాళ్లతో మూరెడు లోతు గుంట తవ్వి, వంద దాకా గుడ్లు పెడుతుంది. ఇసుక పూడ్చి, పొట్టతో అదిమి చదును చేసి నీళ్లలోకి వెళ్లిపోతుంది. మళ్లీ వచ్చి చూడదు. 45 నుంచి 60 రోజులు గుడ్లను పొదిగేది ఇసుక వేడే.

అపోహ: ఈ తాబేళ్లు ఒడిశాకే వస్తాయి.
వాస్తవం: ఒడిశాలోని గహిర్మఠ తీరానికి, రుషికుల్య నదీముఖానికి వేలాదిగా వస్తాయి; దేవి నదీముఖంలోనూ గుడ్లు పెడతాయి. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఆంధ్ర తీరంలోనూ ఏటా జనవరి–ఏప్రిల్ నెలల్లో విడివిడిగా వచ్చి గుడ్లు పెడతాయి.

అపోహ: గుడ్లు ఏరి హేచరీలో పెడితే తాబేలు బతికినట్టే.
వాస్తవం: కుక్కలు, నక్కల నుంచి గుడ్లను కాపాడేందుకు హేచరీ అవసరమే. కానీ పుట్టేది ఆడో మగో తేల్చేది ఇసుక వేడి. ఎక్కువైతే ఆడపిల్లలు, తగ్గితే మగపిల్లలు. పెట్టిన కొన్ని గంటల తర్వాత గుడ్డును అటూ ఇటూ తిప్పితే లోపలి పిండం చచ్చిపోవచ్చు. అన్నిటికీ మించి, తల్లి ఎక్కడానికి ఒడ్డంటూ మిగలకపోతే హేచరీలో పెట్టడానికి గుడ్లే ఉండవు.

అపోహ: సరుగుడు తోటలు, రాళ్ల కట్టలు తీరానికి రక్ష.
వాస్తవం: ఊళ్లకు గాలివాన తాకకుండా సరుగుడు కొంత అడ్డుపడుతుంది. అయితే అలల అంచు దాకా నాటితే తాబేలు గుంట తవ్వే జాగానే పోతుంది. రాళ్ల కట్ట ఎదురైతే తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనుదిరుగుతుంది. తూర్పు తీరంలో ఇసుక ఏడాది మొత్తమ్మీద ఉత్తరానికి కదులుతుంది. ఓడరేవు గోడలు దాన్ని ఆపేస్తే అవతలి ఒడ్డు కోసుకుపోతుంది. కాకినాడ దగ్గరి ఉప్పాడలో వేసిన కట్టనూ సముద్రం పదేపదే దెబ్బతీస్తూనే ఉంది.

అపోహ: దీపాల వల్ల నష్టమేమీ లేదు.
వాస్తవం: గుడ్డులోంచి వచ్చిన పిల్లలు వెలుగు ఎక్కువున్న దిక్కుకు పాకుతాయి. చీకటి తీరంలో ఆ దిక్కు సముద్రమే. రిసార్టు, వీధి దీపాలుంటే రోడ్డు మీదికి పోయి చచ్చిపోతాయి.

అపోహ: ఒడ్డుకు కొట్టుకొచ్చే తాబేళ్లు రోగంతో చనిపోయినవే.
వాస్తవం: తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. ట్రాలర్ వలలో చిక్కి పైకి రాలేక ఊపిరాడక చనిపోయేవే ఎక్కువ. వలకు తాబేలు తప్పించుకునే పరికరం అమరిస్తే బయటపడగలదు. ఏప్రిల్ 15న మొదలయ్యే చేపల వేట విరామం వచ్చేసరికి గుడ్లు పెట్టే కాలం దాదాపు అయిపోతుంది.

అపోహ: సముద్రమే లేని ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయికి ఈ గొడవతో పనిలేదు.
వాస్తవం: పక్కనే దుర్గ్ మీదుగా పారే శివనాథ్ నది మహానదిలో కలుస్తుంది. దేవి నది మహానది పాయే. తాబేళ్లు ఎక్కే ఇసుకలో నదులు మోసుకొచ్చినది చాలా ఉంది. ఆనకట్టల వెనుక ఆ ఇసుక ఆగిపోతే తీరం సన్నబడుతుంది. ఇక నిబంధనల సంగతికొస్తే, 2019 తీరప్రాంత క్రమబద్ధీకరణ నోటిఫికేషన్ తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లను అత్యంత సున్నితమైన విభాగంలో చేర్చింది. ఆ నిబంధనలను కాగితం మీద ఉంచకుండా అమలు చేయించాలి. మార్చిలో పూరీకో విశాఖకో వెళ్లే భిలాయివాసులు రాత్రివేళ ఇసుకలో టార్చిలైట్లు, సెల్‌ఫోన్ ఫ్లాష్‌లు వేయకుండా ఉండాలి.